పసిబిడ్డకి పాలిచ్చేదానికి ఎట్టాంటి కుర్చీ కావాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాయనకి కావలిలో చెక్కసామాను కొట్టు ఉండేది, నాకు ఇద్దరు పిల్లలు, అందుకని చుట్టాల్లో ఎవరికి నెలలు నిండుతున్నా కుర్చీ సంగతి నన్నే అడుగుతారు. నెల్లూరు, ఒంగోలు వైపు ఆడోళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇక్కడ రాస్తున్నా.

అసలు దీనికని స్పెషల్‌గా కుర్చీ కావాలా? మా అమ్మమ్మ గోడకి ఆనుకొని కూర్చొని ఆరుగురికి పాలిచ్చింది

ఇచ్చింది, కాదనను. గోడకి వీపు ఆనించి కాళ్ళు చాపుకొని ఒళ్ళో దిండేసుకుంటే అది మంచి కూర్చోటమే, ఇప్పటికీ మంచిదే. కాకపోతే ఆమెకి కడుపు మీద కోత లేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) మన ఆంధ్రాలో 100 కాన్పులకి 42 సిజేరియన్లే అని తేలింది, కోత పడ్డ మనిషి నేల మీద నించి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఇంకో లెక్క కూడా చూడండి, పసిబిడ్డ రోజుకి 8 నించి 12 సార్లు పాలు తాగతాది, ఒక్కోసారికి అరగంట వేసుకున్నా 4 నించి 6 గంటలు అయింది, అందులో సగం రాత్రిపూట. అన్ని గంటలు ఒక మనిషి ఒకేచోట కూర్చుంటే ఆఫీసులో అయితే కుర్చీ మార్చమని గొడవ చేస్తారు, ఇంట్లో బాలింతకి మాత్రం డైనింగ్ టేబుల్ కుర్చీ ఒకటి లాగి ఇస్తారు.

'నర్సింగ్ చైర్' అని పేరు పెట్టి అమ్మేది అక్కర్లేదు. ఆ అమ్మాయి ఒంటికి కొలత కుదిరిన కుర్చీ కావాలి, అంతే.

కుర్చీ పుట్టింట్లో పెట్టాలా అత్తగారింట్లో పెట్టాలా?

ఇది ఎవరూ ముందు ఆలోచించరు, నా దృష్టిలో ఇదే మొదటి ప్రశ్న. మన వైపు పిల్ల పురిటికి పుట్టింటికొస్తాది, మూడో నెల్లోనో ఐదో నెల్లోనో బిడ్డనెత్తుకొని వెళ్తాది. కుర్చీ అవసరం ఎక్కువ ఉండేది మొదటి రెండు నెలలే, ఆ తర్వాత బిడ్డకి మెడ నిలబడతాది, తల్లికి చెయ్యి అలవాటవుతాది, ఎక్కడ కూర్చున్నా ఇచ్చేస్తాది. అట్టాంటప్పుడు మొగుడు బెంగళూరు ఫ్లాట్‌లో 20000 పెట్టి కుర్చీ కొని ఫొటో తీసి పంపిస్తే ఈమె కందుకూరులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చొని ఆ ఫొటో చూసుకోవాల. డబ్బు పెట్టేది ఉంటే పురుడు జరిగే ఇంట్లో పెట్టండి. రెండో ఇంటికి వెళ్ళేది రెండు గట్టి దిండ్లు, ఒక పీట, అవి కారు డిక్కీలో పడతాయి.

అత్తగారింట్లోనే పురుడు పోసుకునే వాళ్ళు కూడా ఇప్పుడు చాలామంది ఉండారు, వాళ్ళకి ఈ తలనొప్పి లేదు.

సీటు ఎత్తు ఎంత ఉండాలి?

షాపుల్లో కుర్చీలు ఎక్కువగా 17, 18 అంగుళాల ఎత్తులో ఉంటాయి. మన ఆడోళ్ళు చాలామంది ఐదడుగులకి అటూ ఇటూ. ఐదడుగుల మనిషికి చెప్పుల్లేకుండా నేల నించి మోకాలి వెనక మడత దాకా కొలిస్తే 15 అంగుళాలు, మహా అయితే 16 వస్తాది. అంటే కుర్చీలో కూర్చుంటే మడమలు గాల్లో ఉంటాయి, వేళ్ళ మీద ఆనుకోవాల్సొస్తాది, తొడ కిందభాగం సీటు అంచుకి నొక్కుకొని తిమ్మిర్లెక్కుతాయి. కాలు గాల్లో ఉంటే ఒళ్ళో బిడ్డ ముందుకి జారతాది, జారకుండా ఉండేదానికి ఈమె నడుము వంచతాది, సాయంత్రానికి నడుము పట్టేసింది అంటాది. ఆ నడుము నొప్పి మత్తు ఇంజక్షన్ వల్ల వచ్చిందని ఇంట్లోవాళ్ళు తీర్మానం చేసేస్తారు, కుర్చీ మీద ఎవరికీ అనుమానం రాదు.

కాబట్టి టేపు తీసుకొని కొలవండి. పాదం మొత్తం నేల మీద ఆనాలి, మోకాళ్ళు తుంటికి సమంగా గానీ ఒక అంగుళం పైకి గానీ ఉండాలి. కుర్చీ ఎత్తు ఎక్కువైతే కాళ్ళు కోయించబాకండి, కింద పీట వెయ్యండి. పెళ్ళిపీట, పూజలో వాడే పీట, ముక్కాలిపీట, ఏదైనా సరే ఊగకుండా ఉంటే చాలు. పీట లేకపోతే పాత పుస్తకాలు కట్టగట్టి పైన గోనెపట్ట కప్పినా పనైపోతాది.

చేతులున్న కుర్చీనా, చేతుల్లేనిదా?

చేతులుండాలి, కానీ ఎట్టాంటి చేతులనేది ముఖ్యం. మోచెయ్యి మడిచి పెట్టినప్పుడు భుజం పైకి లేవకూడదు, పక్కకి ఒరగకూడదు. మామూలుగా సీటు మీద నించి 8 అంగుళాల దగ్గర కుదురుతాది, మెత్త వేస్తే సీటు పైకి లేస్తాది కాబట్టి చేతులు కిందకి పోయినట్టే, ఆ లెక్క కూడా చూసుకోండి. చెయ్యి పైభాగం వెడల్పుగా చదునుగా ఉంటే దాని మీద దిండు నిలబడతాది, గుండ్రటి పైపు చేతులైతే దిండు జారి కింద పడతాది, అర్ధరాత్రి కింద పడ్డ దిండు తీసేదానికి ఎవర్ని లేపతారు?

ఇంకో సంగతి. బిడ్డ కాళ్ళు మన చంక కింద నించి వెనక్కి పోయేటట్టు పట్టుకొని ఇచ్చే పద్ధతి ఒకటుంది, ఫుట్‌బాల్ హోల్డ్ అంటారు, ఆపరేషన్ అయినోళ్ళకి, కవల పిల్లలకి నర్సులు అదే నేర్పిస్తారు. దానికి పక్కన జాగా కావాలి. రెండు చేతుల మధ్య 18 అంగుళాలే ఉంటే బిడ్డ కాళ్ళు కుర్చీ చేతికి తన్నుకుంటాయి, తన్నుకుంటే బిడ్డ వెనక్కి విరుచుకుంటాది. 21, 22 అంగుళాలుంటే హాయి.

ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ ఉంది, చాలదా?

చాలతాది. నిజం చెప్తున్నా, చేతులుండే ప్లాస్టిక్ కుర్చీ ఎత్తు కుదిరితే 15000 పెట్టి కొనే రిక్లైనర్ (వెనక్కి వాలి కాళ్ళు పైకి లేచే మెత్త కుర్చీ) కన్నా నయం. మూడు విషయాలు చూసుకోండి. కొత్తగా వచ్చే పల్చటి రకాల్లో వెనక కాళ్ళు బయటికి విచ్చుకుంటాయి, టైల్స్ మీదైతే ఇంకా తొందరగా, అందుకని ఒకదాంట్లో ఒకటి రెండు కుర్చీలు దోపి వాడండి, అప్పుడు వంగవు. కాళ్ళ కింద రబ్బరు బుష్‌లు లేకపోతే పాత డోర్‌మ్యాట్ పరిచి దాని మీద పెట్టండి. వీపు దగ్గర నడుం వొంపులో ఖాళీ వస్తాది, అక్కడ టవల్ చుట్టి పెట్టండి. ఎండలో సంవత్సరాలుగా పడున్న కుర్చీ మాత్రం వద్దు, రంగు వెలిసి తెల్లబడిందంటే లోపల పెళుసైపోయింది, చెప్పకుండా విరుగుతాది.

మా ఆయన రాకింగ్ చైర్ కొంటానంటున్నాడు

సినిమాల్లో బావుంటాది. నేనైతే వద్దంటా. మన ఇళ్ళల్లో గచ్చులు ఇప్పుడు చీమకుర్తి గ్రానైటో టైల్సో, నున్నగా ఉంటాయి, ఊగే కొద్దీ కుర్చీ కొంచెం కొంచెం జరిగి గోడకి తగులుతాది. పాలిచ్చేటప్పుడు నోటికి రొమ్ము సరిగ్గా పట్టించాలంటే కదలకుండా ఉండాలి, ఊగటం తర్వాతి సంగతి, తాగినాక నిద్రపుచ్చేదానికి పనికొస్తాది. లేచేటప్పుడు అది ముందుకి వాలతాది, చేతిలో బిడ్డ, కడుపులో కుట్లు, ఆ టైంలో వాలే కుర్చీ ఎవరికి కావాలి? ఇంట్లో పెద్దబిడ్డ పాకుతా నడుస్తా ఉంటే ఆ వంపు చెక్క కింద వేళ్ళు పడతాయి.

ఇప్పటికే కొనేసుంటే రెండు వంపు చెక్కల కింద ముందొకటి వెనకొకటి చెక్క ముక్కలు దోపి ఊగకుండా ఆపండి, మొదటి నెలన్నర మామూలు కుర్చీలాగా వాడుకోండి.

రిక్లైనర్?

సీటు లోతు చూడండి. చాలా వాటికి 21, 22 అంగుళాలుంటాది, పొట్టి మనిషి వీపు ఆనించి కూర్చుంటే కాళ్ళు నేలకందవు, కాళ్ళు అందితే వీపు ఆనదు. సీటు అంచుకీ మోకాలి వెనక్కీ మధ్య రెండు మూడు వేళ్ళ సందుండాలి, అది సరైన లోతు. పక్కన లివర్ ఉండే రకం మూసేదానికి కాళ్ళతో గట్టిగా నొక్కాలి, ఆ బలం పొట్ట నించే వస్తాది, సిజేరియన్ అయినోళ్ళు చెయ్యలేరు. మోటారు రకమైతే సరే, కాకపోతే మే నెల్లో మధ్యాన్నం కరెంటు పోయినప్పుడు మీరు వెనక్కి పడుకొని ఉంటే అట్టాగే ఉంటారు, బ్యాటరీ బ్యాకప్ ఉండాదా అని అడిగి కొనండి. రెక్సిన్ అయితే వొళ్ళంతా అంటుకుంటాది.

సోఫాలో కూర్చొని ఇవ్వొచ్చా? అక్కడైతే టీవీ కూడా కనపడతాది

పగలు, మెలకువగా ఉన్నప్పుడు, వెనక దిండేసుకొని ఇచ్చుకోండి. రాత్రి మాత్రం వద్దు, ఈ మాట గట్టిగా చెప్తున్నా. బిడ్డని పట్టుకొని సోఫాలో గానీ రిక్లైనర్‌లో గానీ నిద్రపోతే బిడ్డ మన ఒంటికీ మెత్తకీ మధ్య సందులోకి జారి ఊపిరాడకుండా పోయే ప్రమాదం చాలా ఎక్కువ. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లో కూడా, పాలిస్తా నిద్రపోతామేమో అని అనుమానం ఉంటే సోఫా, కుర్చీ కన్నా దిండ్లూ దుప్పట్లూ తీసేసిన మంచమే తక్కువ ప్రమాదం అని ఉంది. బిడ్డని మంచం మీద మన పక్కన పడుకోబెట్టుకోమని దాని అర్థం కాదు, మెలకువ రాగానే బిడ్డని దాని చోట పడుకోబెట్టాలి. మొదటి నెలలో నిద్ర రాదు అనే బాలింత ఎవరూ ఉండరు, కాబట్టి రాత్రి 2 గంటల ఫీడ్ ఎక్కడ ఇవ్వాలో పగలే అనుకోండి, పక్కన అమ్మనో ఆయన్నో మెలకువగా కూర్చోమనండి.

మంచం మీదే ఇస్తే కుర్చీ గొడవే ఉండదు గదా?

చాలామంది అట్టాగే చేస్తారు. గట్టి పరుపైతే తలగడ దిక్కున గోడకి రెండు దిండ్లు పెట్టి ఆనుకోండి, కాళ్ళు చాపుకోండి, మోకాళ్ళ కింద ఇంకో దిండు. నవారు మంచం, నులక మంచం అయితే నడిమి భాగం గుంతలాగా దిగతాది, అందులో కూర్చొని పాలిస్తే వీపు విల్లులాగా వంగతాది, వాటి మీద వద్దు, లేదంటే నవారు బిగించి పైన గట్టి పరుపెయ్యండి. అంచు మీద కాళ్ళు వేలాడేసి కూర్చోటం అన్నిటికన్నా చెడ్డది, వెనక ఆనేదానికి ఏమీ ఉండదు.

పక్కకి తిరిగి పడుకొని ఇవ్వటం సిజేరియన్ వాళ్ళకి డాక్టర్లే చెప్తారు. బిడ్డ కూడా మనవైపే పూర్తిగా పక్కకి తిరిగుండాలి, ముక్కుకి గాలాడాలి. పడుకొని ఇస్తే చెవిలోకి పాలు పోతాయని అత్తలు కొట్లాడతారు, ఆ భయం వెల్లకిలా పడుకోబెట్టి సీసా నోట్లో పెట్టే వాళ్ళకి చెప్పాల్సింది.

సిజేరియన్ అయ్యి వారమే అయింది, కుర్చీలోంచి లేవలేకపోతున్నా

కుర్చీ మెత్తగా ఉండి ఉంటాది. మెత్తగా దిగే కుర్చీలోంచి లేవాలంటే పొట్ట కండరాలు పని చెయ్యాలి, గట్టి సీటు, గట్టి చేతులు ఉండే కుర్చీలోంచైతే చేతులూ కాళ్ళూ పని చేస్తాయి. ముందు బిడ్డని ఇంకొకరికి అందించండి. తర్వాత సీటు అంచుకి జరగండి, పాదాలు మోకాళ్ళ కన్నా కొంచెం వెనక్కి లాక్కోండి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద నొక్కి ముందుకి వంగతా లేవండి, ఊపిరి బిగబట్టబాకండి. లేచినాక ఒక నిమిషం ఆగండి, రక్తం తక్కువున్నోళ్ళకి కళ్ళు తిరుగుతాయి.

కూర్చున్నంతసేపూ మధ్యమధ్యలో మడమలు పైకీ కిందకీ ఆడించండి. ఒకే కాలు పిక్క వాచి నొప్పిగా వేడిగా ఉంటే అది కుర్చీ వల్ల తిమ్మిరి అనుకొని ఊరుకోకూడదు, రక్తం గడ్డ కావొచ్చు, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

నార్మల్ డెలివరీనే, కానీ కింద కుట్లు. ఏ కుర్చీలోనూ కూర్చోలేకపోతున్నా

గట్టి చెక్క సీటు మీద రెండంగుళాల స్పాంజి వేసుకోండి, అంతకన్నా మెత్తదైతే లోపలికి దిగి కుట్లు లాగతాయి. గాలి కొట్టే రింగు దిండు కొందరికి హాయి, కొందరు డాక్టర్లు ఎక్కువసేపు వద్దంటారు, మీ డాక్టర్‌ని అడగండి. కుట్లు మానేదాకా పక్కకి పడుకొని ఇవ్వటమే సుఖం.

పాలిచ్చే దిండు, ఆ యు ఆకారంది, కొనాలా?

కొంటే కొనండి, నష్టం లేదు. దిండు పని బిడ్డని రొమ్ము ఎత్తుకి తేవటం. బిడ్డ దగ్గరికి మనం వంగకూడదు, బిడ్డనే మన దగ్గరికి తెచ్చుకోవాలి, కుర్చీ ఎంత గొప్పదైనా వంగి ఇస్తే మెడ పోతాది. ఇంట్లో ఉండే దిండ్లు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినా అదే పని, కాకపోతే గట్టివై ఉండాలి. పాత బూరుగుదూది దిండ్లుంటే ఏకించి కొంచెం ఎక్కువ దూది కూరి కుట్టించండి, అప్పుడు గట్టిగా ఉంటాయి. పైన రెండు మూడు కాటన్ గలీబులు మార్చుకునేదానికి పెట్టుకోండి, బిడ్డ కక్కతానే ఉంటాది. తాగి నిద్రపోయిన బిడ్డని ఆ దిండు మీదే వదిలేసి పోబాకండి, మెడ ముందుకి వాలి గాలి ఆగిపోతాది.

మా ఊళ్ళో ఎండలు తెలుసుగదా, వేసవిలో పురుడైతే ఏం కుర్చీ?

వైరు అల్లిన కుర్చీ, పేము కుర్చీ. వీపుకి గాలాడతాది. పాతవి ఉంటే అల్లిక వదులైందేమో చూసి మళ్ళీ అల్లించుకోండి. ఏ కుర్చీ అయినా పైన పాత కాటన్ చీర నాలుగు మడతలేసి పరచండి. బిడ్డ తల ఆనే మోచెయ్యి మడతలో చెమట పడితే ఇద్దరికీ చిరాకే, అక్కడ పల్చటి గుడ్డ.

ఎండాకాలం గురించి కుర్చీతో సంబంధం లేని మాట ఒకటి. నెల్లూరు ఎండకి బిడ్డకి నోరెండిపోతాదని చెంచాతో నీళ్ళు పోస్తారు, పంచదార నీళ్ళు పోస్తారు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తానే ఉంది, పాలల్లోనే నీళ్ళుంటాయి, ఎండలో బిడ్డ ఎక్కువసార్లు తాగతాది అంతే. నీళ్ళు తాగాల్సింది తల్లి, కుర్చీ పక్కన చెంబు పెట్టండి.

అటక మీద తాతగారి పడక కుర్చీ ఉంది, దించమంటారా?

గుడ్డతో వేలాడే పాత ఈజీ చైరే గదా? నెల దాటినాక, నడుము కోలుకున్నాక, పగలు వాడుకోవచ్చు. వెనక్కి వాలి బిడ్డని రొమ్ము మీద బోర్లా వేసుకొని ఇచ్చే పద్ధతికి బావుంటాది. గుడ్డ మాత్రం కొత్తది వేయించండి, ఆ గుడ్డలోకి దూర్చే కర్ర పురుగు పట్టిందేమో చూడండి, వెనక గాడిలో కర్ర సరిగ్గా కూర్చుందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. లేపేదానికి మనిషుండాలి. మొదటి నెల్లో అయితే అటక మీదే ఉండనియ్యండి.

వడ్రంగి చేత చేయించుకుంటే ఏం కొలతలివ్వాలి?

ఇది నాకిష్టమైన ప్రశ్న. ఐదడుగుల మనిషికైతే సీటు ముందు అంచు 15 అంగుళాలు, వెనక అర అంగుళం కిందకి, అప్పుడు జారకుండా వెనక్కి కూర్చుంటారు. మెత్త మందం ఎంతుంటే అంత అందులోంచి తీసెయ్యమనండి. లోతు 17, చేతుల మధ్య 21, చేతుల ఎత్తు మెత్త పైనించి 8, చేతి వెడల్పు 3 అంగుళాలకి తక్కువ వద్దు. వీపు భుజాల దాకా రావాలి, 24 అంగుళాలు, నిట్టనిలువుగా కాకుండా కొంచెం వెనక్కి వాల్చమనండి. ముందు అంచు గుండ్రంగా తోయించండి, మూలలన్నీ కూడా. టేకు అయితే మంచిదే, డబ్బు తక్కువైతే బాగా ఆరిన వేపచెక్క చాలు, పచ్చిచెక్క అయితే నాలుగు నెలల్లో కీళ్ళు వదిలి కిర్రుకిర్రుమంటాది, ఆ చప్పుడుకి నిద్రపోయిన బిడ్డ లేస్తాది.

పాలిష్ మాత్రం ఎనిమిదో నెల్లోనే అయిపోవాలి. వార్నిష్ వాసన గదిలో వారాలు నిలబడతాది, బిడ్డొచ్చినాక ఆ వాసన వద్దు.

షాపులో కొనాలా ఆన్‌లైన్‌లోనా?

నెల్లూరు ట్రంకురోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో నాలుగు షాపులు తిరిగి కూర్చొని చూడటమే మంచిది. నిమిషం కూర్చొని లేస్తే ఏమీ తెలీదు, ఒళ్ళో దిండు పెట్టుకొని పావుగంట కూర్చోండి, షాపాయన చూస్తే చూడనియ్యండి. గర్భవతిని తీసుకెళ్ళండి, కొలత ఆమెది గానీ ఆయనది కాదు. ఆన్‌లైన్ అయితే ఫొటో వదిలేసి సీటు ఎత్తు, లోతు, చేతుల మధ్య దూరం రాసుందో లేదో చూడండి, రాయకపోతే కొనబాకండి. మార్కాపురం, కనిగిరి, ఉదయగిరి లాంటి చోట్లకి బిగించేదానికి మనిషొస్తాడో లేదో, తిరిగి తీసుకెళ్తారో లేదో ముందే పిన్‌కోడ్ కొట్టి చూసుకోవాలి.

అన్నీ కుదిరినా పాలిచ్చేటప్పుడు నొప్పి తగ్గట్లేదు

నడుము, మెడ, భుజం నొప్పి అయితే కుర్చీ, దిండు సర్దితే రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తాది. చనుమొన చిట్లటం, మంట అయితే అది కుర్చీతో పోదు, బిడ్డ నోరు సరిగ్గా పట్టట్లేదు, నల్లటి భాగం చాలావరకు నోట్లోకి పోవాలి, మొన ఒక్కటే పోకూడదు. రొమ్ము ఒకచోట ఎర్రగా గట్టిపడి జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి.

ఆశా కార్యకర్త ఎట్టాగూ ఇంటికొస్తాది, ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డ బరువు చూపించి కాఫీ ఇచ్చి పంపించెయ్యబాకండి, మీ కుర్చీలోనే కూర్చొని ఆమె ముందర ఒకసారి పాలివ్వండి, పట్టు ఎక్కడ తప్పుతుందో చూసి చెప్పమనండి. మూడో రోజుకి మీరింకా ఆస్పత్రిలోనే ఉంటే డిశ్చార్జ్ అయ్యేలోపు వార్డులో నర్సమ్మని అడగండి, అక్కడుండేది ఇనప స్టూలే అయినా సరే.